మూడో దెబ్బ

"లక్క నాకూ కనిపిస్తోంది. లక్క కింద ఏముంది?"

శబ్దగిరి గుహ వాకిట్లో కావలి భటుడు ఈటె అడ్డం పెట్టి, దాని మొనతో బుట్టలోని లక్క బిళ్ళల్ని అటూ ఇటూ కెలికాడు. మొన అడుగున దేనికో తగిలింది. 'దబ్' మని బోలుగా మోగింది.

పోలన గుండె ఆగినంత పనైంది. ఆ చప్పుడేమిటో రాజ్యంలో ఏ పసివాణ్ణడిగినా చెబుతాడు. డప్పు!

"తోలు పళ్ళెం దొరా. వేడి లక్క ఆరబోసుకోవడానికి" అన్నాడు.

"తోలుతో పళ్ళెమేంటయ్యా? మా ఊళ్ళో ఇత్తడి పళ్ళేలుంటాయి."

పక్కనున్న సిరిమ నెత్తిమీది కుంపటి దించి కింద పెట్టింది. "ఇత్తడికి లక్క అంటుకుంటే ఊడి రాదు దొరా. రాయి పెట్టి గోకాలి. గోకితే ఇసుక కలుస్తుంది. ఇసుక కలిసిన లక్కతో మూతులేస్తే నాలుగు రోజుల్లో పగుళ్ళిస్తాయి. మూత పగిలిందంటే లోపలి మాట బయటికొస్తుంది. ఎవరి కావలిలో వచ్చిందని మంత్రిగారు అడుగుతారు. అడిగితే చెప్పాలి కదా, మీ పేరేంటి దొరా?"

భటుడు బొజ్జ కదిలేలా నవ్వాడు. ఈటె పక్కకి తీశాడు.

"నోరు బాగానే ఉందయ్యా నీ చెల్లికి. లోపల జాగ్రత్త. ఇలాంటి నోళ్ళంటే మా గుడ్లగూబలకి మహా ఇష్టం. ఏడు విగ్రహాలూ దాటేదాకా కిక్కురుమనకండి. మధ్యాహ్నం గంట కొట్టేలోగా బయటికి రావాలి. ఆ తరవాత అందరం కోటకి పోతాం. ఇవాళ ముసలి డప్పులోడి విచారణ, తెలుసుగా?"

"తెలుసు దొరా" అంది సిరిమ. ఆ ముసలి డప్పులోడు ఆమె కన్నతండ్రి.

*

వజ్రకూట రాజ్యానికి వందేళ్ళుగా ఒక ఆచారం ఉంది. చాటింపుదారు డప్పు మీద రెండు దరువులు కొడతాడు. మొదటి దరువు మీద రాజుగారి మాట చెబుతాడు. రెండో దరువు మీద జనం మాట చెబుతాడు. ఎక్కడ వరద వచ్చింది, ఏ అధికారి ఎవరి పొలం లాక్కున్నాడు, ఏ ఊళ్ళో జబ్బు చేసి ఎందరు పోయారు, అన్నీ రెండో దరువులోనే. ఆ దరువు విన్న పొరుగూరి చాటింపుదారు ఊరుకోకూడదు. తన డప్పు తీసి మూడు దెబ్బలు కొట్టాలి. మొదటిది, విన్నాను అని. రెండోది, పై ఊరికి మోస్తాను అని. మూడోది, నమ్ముతున్నాను అని. నమ్మకం కుదరకపోతే రెండుతో ఆపేయాలి. ఊరూరా మూడు దెబ్బలు పడ్డ కబురు సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా రాజ్యమంతా చుట్టి వచ్చేది.

కిందటేడు కొండవాగు తూము కూలింది. రాళ్ళు మోసే కూలీలు ముప్ఫై ఎనిమిది మంది కొట్టుకుపోయారు. ఎవరూ చావలేదని ధవళవర్మ మహారాజు కొలువు ప్రకటించింది. చాటింపుదారులకి పెద్ద దిక్కు బయ్యన్న. ఆ ముసలాయన సంత నడుమ నిలబడి, రెండో దరువు మీద ముప్ఫై ఎనిమిది పేర్లూ చదివాడు. పేరు పేరుకీ రాజ్యమంతటా మూడు దెబ్బలు పడ్డాయి.

మర్నాటికల్లా రెండో దరువు నిషిద్ధమైంది. కొట్టినవాడు రాజద్రోహి. ఎక్కడో చలిదేశం నుంచి వచ్చి మంత్రి పదవి పట్టిన ఘూకాక్షుడనే మాంత్రికుడు వేట మొదలుపెట్టాడు. దొరికినవాళ్ళని చంపలేదు. గొంతులు లాగి, ఎండిన సొరబుర్రల్లో పోసి, లక్కతో మూతులేసి, ఈ కొండ గుహలో వేలాడదీశాడు. పందొమ్మిది మందినే పట్టుకున్నామని కొలువు చెప్పింది. పట్టుబడ్డ పందొమ్మిదో మనిషి బయ్యన్న.

ఇవాళ మధ్యాహ్నం ఆయన్ని కోటలో రాజుగారి నిండు పేరోలగంలో నిలబెడతారు. మాంత్రికుడు దొంగగొంతు ఒకటి ఆయన నోట్లో పెడతాడు. 'తూము కూలలేదు, ఎవరూ చావలేదు, పక్కరాజు డబ్బిస్తే అబద్ధం చాటాను' అని ఆ గొంతు చెబుతుంది. పేరోలగంలో నిందితుడు చెప్పిన మాట రాతి మీద చెక్కుతారు. ఇక ఎన్ని తరాలైనా అదే నిజం. ఆ తరవాత ఆయన తల తీస్తారు.

ఒకటే దారి మిగిలింది. విచారణకి ముందు నిందితుడికి సొంతబిడ్డ చేత్తో గుక్కెడు నీళ్ళు పోయించడం ఆ కొలువు సంప్రదాయం. ఆ నీళ్ళతోపాటు ఆయన గొంతు ఆయనకి చేరితే చాలు, ముప్ఫై ఎనిమిది పేర్లూ రాతికెక్కుతాయి.

అందుకే సిరిమ లక్క పనిదానిలా ముక్కుపుడక తీసేసి, చేతులకి మసి పూసుకుని వచ్చింది. తండ్రి శిష్యుడు పోలన వెంట ఉన్నాడు. "తోడబుట్టకపోయినా నువ్వే నాకు అన్నవి" అంది బయల్దేరేటప్పుడు. దారిలో మూడుసార్లు అతను ఆమెకి ఒక మాట చెప్పబోయాడు. మొదటిసారి గుర్రపు రౌతులు అడ్డం వచ్చారు. రెండోసారి వాగు. మూడోసారి ఏదీ అడ్డం రాలేదు. అయినా చెప్పలేదు.

*

గుహలో నడవా పాము పొట్టలా మెలికలు తిరిగి ఉంది. గోడలకి పచ్చని రాళ్ళు, ఎక్కడినుంచో జారే నీటి తడి, ఆ తడిలో మెరిసే అభ్రకం రేకులు. ఇరవై అడుగులకొకటి చొప్పున ఏడు రాతి గుడ్లగూబలు. ఒక్కొక్కటి మనిషంత ఎత్తు. రెప్పలు మూసి ఉన్నాయి. వాటి ముందు ఎవరి గొంతు పలికినా, ఆ గొంతు అక్కడికక్కడే వాటి ముక్కుకి చిక్కుతుంది.

ఒకటి దాటారు. రెండు. మూడు. నాలుగోదాని ముందు కుంపటి పొగ ఒక్కసారిగా సిరిమ మొహాన కొట్టింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు. దగ్గు వచ్చేసింది.

రాతి రెప్పలు గరగరా పైకి లేచాయి. లోపల పసుప్పచ్చని గుడ్లు ఇటు తిరిగాయి. ముక్కు విచ్చుకుంది.

పోలన ఆలోచించలేదు. ఆమె నెత్తిమీది కాలే కుంపటిని అంచు పట్టుకుని అమాంతం ఎత్తి, గుడ్లగూబ మొహం ముందు పెట్టి బలంగా ఊదాడు. నిప్పులు భగ్గుమన్నాయి. ఆ వెలుగు ఓర్వలేక విగ్రహం రెప్పలు టపటపా కొట్టుకుని గట్టిగా మూసుకుంది. అతని ఎడమ అరచెయ్యి చుయ్యిమని కాలింది. అరవడానికి వీల్లేదు. పెదవి కొరుక్కున్నాడు. రక్తం ఉప్పగా తగిలింది.

మిగిలిన మూడింటినీ ఎలా దాటారో వాళ్ళకే తెలియదు.

నడవా చివర రాతి తలుపు తోసి లోపలికి అడుగు పెట్టగానే ఇద్దరూ కొయ్యబారిపోయారు.

కొండ లోపల మరో ఆకాశం ఉన్నట్టుంది. అంత ఎత్తు కప్పు. కప్పు నుంచి జనపతాళ్ళు. తాడు తాడుకీ సొరబుర్రలు. వరసలు, వరసల మీద వరసలు, చీకట్లో కలిసిపోయేదాకా బుర్రలే. ఒక్కో మూతి మీద ఎర్రని లక్క ముద్ర. గాలి వీస్తే ఒకదాన్నొకటి తగిలి, పండిన కందిచేను కదిలినట్టు గలగలమన్నాయి.

"పందొమ్మిది అన్నారు" అంది సిరిమ. "వెయ్యికి పైనే ఉన్నాయే!"

పోలన బుట్టలో లక్క కింద పారబోసి డప్పు తీశాడు. గుహ చెమ్మకి తోలు తడిసిన చాపలా సడలిపోయింది. కుంపటి మీద పట్టి గుండ్రంగా తిప్పుతూ కాచాడు. లక్క కలిపే కర్రే డప్పు కొట్టే సిర్ర. ఎడమ చేత్తో కొట్టే సన్నని చిటికెన పుల్ల సిరిమ సిగలోంచి తీసి ఇచ్చింది. అతని అరచేతిలో లేచిన బొబ్బని అప్పుడు చూసింది.

"అయ్యో అన్నా! దీంతో కొట్టగలవా?"

"కొడతాను." తోలు మీద వేలితో మీటి చూశాడు. బిగిసింది. "సిరిమా, ముందు నీకో మాట చెప్పాలి."

"కోట చేరాక తీరిగ్గా చెబుదువు గాని. కొట్టు అన్నా. దరువు వింటే బుర్రల్లోని గొంతులూ బదులిస్తాయి. మా అయ్య దెబ్బల్ని నేను గుర్తుపడతాను. ఆయన మూడో దెబ్బ ఎప్పుడూ ఆలస్యమే. ఊపిరి పీల్చుకుని మరీ నమ్ముతాడు."

పోలన కళ్ళు మూసుకుని రెండో దరువు ఎత్తుకున్నాడు. కాలిన చేతిలో చిటికెన పుల్ల ఒకచోట తడబడింది. దరువు ముగిసింది.

ఆ తరవాత వెయ్యి బుర్రల్లోంచి వెయ్యి గొంతులు ఒక్కసారిగా పలికాయి. ధం. ధం. ధం.

గొంతు లాగినప్పుడు నోట్లో ఆగిపోయిన మాట బుర్రలో అలాగే ఉండిపోతుందట. బదులు ఇవ్వగానే ఆ మాటలన్నీ కలగలిసి బయటికొచ్చాయి. "పాడిపురంలో కలరా, పదకొండు మంది..." అంది ఒక బుర్ర. "రాసినవాణ్ణి నేనే, నా పిల్లల్ని వదిలెయ్యండి" అంది మరొకటి. ఒక ఆడగొంతు మెల్లిగా "పొయ్యి మీద పాలున్నాయి, ఒక్క నిమిషం..." అంటోంది. చాటింపుదారులే కాదు. తాటాకుల మీద జాబులు రాసినవాళ్ళు, సంతలో నిలబడి ప్రశ్న అడిగినవాళ్ళు, వాళ్ళకి అన్నం పెట్టినవాళ్ళు, అందరూ ఇక్కడే ఉన్నారు.

"అదిగో!" సిరిమ బుర్రల మధ్యకి పరుగెత్తింది. "ఆ మూలది! మళ్ళీ కొట్టు!"

మళ్ళీ కొట్టాడు. మూల ఉన్న వంకర బుర్రలోంచి రెండు దెబ్బలు పడ్డాయి. అందరి మూడో దెబ్బా అయిపోయాక, ఒక ఊపిరి తీసుకున్నంత సేపటికి, ఆ బుర్ర కూడా మెల్లగా పలికింది. ధం.

సిరిమ తాడు తెంపి బుర్రని రెండు చేతులా పట్టుకుంది. కళ్ళ నీళ్ళతో నవ్వుతూ చెవికి ఆనించుకుంది. బుర్ర లోంచి బయ్యన్న గొంతు పోలనకి కూడా స్పష్టంగా వినిపించింది.

"పోలా, నువ్వేనా? నీ దరువేరా అది, నాకు తెలియదూ? చిటికెన పుల్ల తడబడిందేంటి నాయనా? ఒంట్లో బాలేదా? ఉండు, పాతర మూత తీసుకుని వస్తున్నా..."

అక్కడితో మాట తెగిపోయింది.

సిరిమ బుర్రని చెవి దగ్గర్నుంచి తీయలేదు. నవ్వు మాత్రం మొహం మీంచి కొద్దికొద్దిగా జారిపోయింది.

"అయ్య జొన్నల పాతరలో దాక్కున్నాడు" అంది నెమ్మదిగా. "ఎవరో దరువు కొట్టి బయటికి రప్పించారని చెప్పారు. ఎవరో తెలియదన్నారు."

"ఆ మాటే చెబుదామనుకున్నాను."

"ఇప్పుడా?"

"ముందు నన్నే పట్టుకున్నారు. రాజుగారు క్షమించేశారని, ఆ కబురు దాక్కున్నవాళ్ళకి చేరాలని మంత్రి చెప్పాడు. ఎవరెక్కడున్నారో చెప్పక్కర్లేదన్నాడు. ఊళ్ళల్లో దరువు కొట్టు చాలన్నాడు. నమ్మాను."

"ఎన్ని ఊళ్ళు కొట్టావు?"

"ఏడు."

"ఏడో ఊళ్ళో దొరికాడా అయ్య?"

పోలన తల వంచుకున్నాడు. "మూడో ఊళ్ళో."

"మరి మిగతా నాలుగు ఊళ్ళూ?"

"ఆపితే ఆయన్ని అక్కడే నరికేస్తామన్నారు. ఇంకెవరైనా బదులిస్తారేమో చూద్దామని కొట్టించారు."

"ఇచ్చారా?"

అతను కప్పుకేసి చూశాడు. ఆ చూపు వెంటే ఆమె కూడా పైకి చూసింది. గాలికి బుర్రలు గలగలలాడాయి.

ఆమె తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

అంతలో నడవాలోంచి కొండ చీలినంత చప్పుడు. రాళ్ళు రాళ్ళకి రాసుకుంటున్నాయి. వెయ్యి గొంతుల అలజడికి ఏడు గుడ్లగూబలూ దిమ్మెల మీంచి లేచాయి!

పోలన ఒక్క గెంతులో రాతి తలుపు మూసి అడ్డుగడియ వేశాడు. తలుపు మీద మొదటి ముక్కుపోటు పడింది. ఎదుటి గోడలో పెద్ద కంత ఒకటి కనిపిస్తోంది. కొత్త బుర్రల్ని ఏటి గట్టు నుంచి పైకి లాగే దారి అది. గిరకకి తాడు, తాడుకి గంప. కింద రెండు తాటిచెట్ల లోతున శోణానది సుడులు తిరుగుతోంది. గట్టున ఏరు దాటే గుండ్రటి తోలు పుట్టి ఒకటి కట్టేసి ఉంది. ఆవలి గట్టు మీదే కోట.

"గంపలో కూర్చో, త్వరగా!" అన్నాడు. "ఒక్కరినే మోస్తుంది. పైనుంచి ఎవరో ఒకరు గిరక పట్టుకోవాలి."

సిరిమ బుర్రని కొంగుతో నడుముకి కట్టుకుని గంపలోకి దిగింది. పోలన గిరక కర్రపిడి పట్టుకున్నాడు. కాలిన చర్మం కర్రకి అంటుకుపోయింది.

"గుడ్లగూబలు తలుపు వదిలి కొండ చుట్టూ ఎగిరొస్తే ఏటి నడుమ నువ్వు చిక్కిపోతావు. అందుకని నేను ఇక్కడ దరువు ఆపను. చప్పుడున్నంతసేపూ అవి ఇక్కడే ఉంటాయి. ఆవలి గట్టు ఎక్కాక పుట్టి బోర్లించి, తెడ్డుతో దాని తోలు మీద బదులివ్వు. అప్పుడు ఆపేస్తాను."

సిరిమ అతని కళ్ళలోకి చూసింది. "విన్నానని చెబుతాను. మోస్తానని చెబుతాను."

మూడోదాని ఊసెత్తలేదు. గంప కిందికి దిగిపోయింది.

*

పోలన దరువు కొట్టాడు. వెయ్యి బుర్రలు మూడేసి దెబ్బలు బదులిచ్చాయి. తలుపు మీద ముక్కులు టకటకమంటున్నాయి. రాతి తలుపు నడుమ సన్నని పగులు పుట్టింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మూడు. ఆ నాలుగు ఊళ్ళల్లో తెలిసి తెలిసి ఇదే చేత్తో కొట్టిన దరువే. ఆ చెయ్యే తమలో ఎందరినో ఇక్కడికి తెచ్చిందని తెలియక, ఆ బుర్రలు ప్రతిసారీ నమ్ముతూనే ఉన్నాయి.

కంతలోంచి చూశాడు. తోలు పుట్టి ఏటి నడుమ గింగిరాలు తిరుగుతోంది. సిరిమ మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వేస్తోంది. ఆమె నడుము దగ్గర బుర్ర ఎండకి మెరిసింది.

కొట్టాడు. తోలు మీద ఎర్రని మరకలు పడుతున్నాయి. కొట్టాడు. తలుపు పగులు చెయ్యి పట్టేంతయింది. అవతలినుంచి పసుప్పచ్చని కన్ను ఒకటి లోపలికి చూసింది.

ఉన్నట్టుండి ముక్కులు ఆగిపోయాయి. ఆ కన్ను పక్కకి తప్పుకుంది. పగులు దగ్గరికి తెల్లని మొహం ఒకటి వచ్చింది. రెప్ప వాల్చని గుండ్రని కళ్ళు.

"పేరోలగానికి గొంతొకటి తీసుకుపోదామని వస్తే ఈ చప్పుడు! ఎవరో అనుకున్నాను, పోలనా!" అన్నాడు ఘూకాక్షుడు ముద్దు చేస్తున్నట్టుగా. "ఎనిమిదో ఊరు కూడా కొట్టేస్తున్నావన్నమాట! అరచేతికి ఏమైంది నాయనా? పాపం! పట్టుశాలువా ఇస్తే వదిలేసి పోయావు. నీ కోసం నున్నటి బుర్ర ఒకటి ఖాళీగా అట్టేపెట్టాను. తలుపు తియ్యి."

పోలన బదులుగా డప్పు మీద సిర్ర ఝళిపించాడు. దరువు. వెయ్యి బుర్రలు. మూడు దెబ్బలు.

"ఆ ముసలాడి బుర్ర పలకలేదే?" మాంత్రికుడి గొంతులో ముద్దు పోయింది. "మూల నుంచి ఆలస్యంగా వచ్చే దెబ్బ ఏది? పగలగొట్టండి!"

తలుపు పైభాగం పెళ్ళలుగా రాలింది. పోలన కంత అంచుకి జరిగాడు. గిరక మీంచి గంపదాకా వేలాడే తాడు గాలికి ఊగుతోంది. ఇప్పుడే దూకేయవచ్చు. కాని బదులు రాలేదు. బదులు రాకుండా చేయి ఆపితే ఏటి మీద ఆమె గతేమిటి?

ఆఖరిసారి కొట్టాడు. చిటికెన పుల్ల విరిగిపోయింది.

బుర్రలు సద్దుమణిగాయి. ఆ నిశ్శబ్దంలో, దూరంగా, ఏటి ఆవలి గట్టు మీంచి తడితోలు మీద తెడ్డు దెబ్బ వినిపించింది.

ధం. విన్నాను.

ధం. మోస్తాను.

చేరిపోయింది! పోలన డప్పు వీపున వేసుకుని తాడు అందుకున్నాడు. అందుకుని, ఆగాడు. ఒక ఊపిరి. ఆమె బయ్యన్న బిడ్డ కదా, ఆలస్యంగా కొడుతుందేమో. ఇంకో ఊపిరి. రాతి రెక్క ఒకటి విరిగిన తలుపు లోంచి దూసుకొచ్చి అతని భుజం పక్కనే గోడని చీల్చింది. అయినా చెవి ఆవలి గట్టు మీదే ఉంది.

ఢం!

ఒళ్ళు జలదరించింది. అప్పుడు మరొకటి మోగింది, దాని వెంటే మరొకటి. అవి తోలు దెబ్బలు కావు, కంచు. కోట మీద మధ్యాహ్నం గంట. పేరోలగం తెరుచుకుంటోంది.

గుడ్లగూబ గోళ్ళు మెడ మీదికి వచ్చేసరికి, పోలన కాలిన చేత్తోనే తాడు పట్టుకుని కంతలోంచి శూన్యంలోకి దూకాడు. పైన వెయ్యి బుర్రలు ఇంకా ఊగుతున్నాయి. కింద నది నోరు తెరుచుకుని ఉంది. ఆవలి గట్టు మీద బోర్లించిన పుట్టి పక్కన ఎవరూ లేరు, సిరిమ అప్పటికే కోట దారి పట్టింది.

సగం దారిలో తాడు తెగింది.